తొట్టి కొలత, చేప కొలత



మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు పట్టుపురుగులు మేపే ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి ఒకటుంది. చాకీ పురుగులు, అంటే పసి పురుగులు, ఇంటికి తెచ్చిన రోజు అవి చేటంత జాగాలో ఇమిడిపోతాయి. నాలుగో జ్వరం, అంటే నాలుగోసారి పొర విడవడం, దాటి లేచేసరికి షెడ్డంతా పరుచుకుంటాయి. పురుగు పెరిగే కొద్దీ పడక వెడల్పు చేయకపోతే గాలి ఆడదు, రోగం తగులుతుంది, గూడు పలచబడుతుంది. అందుకే పురుగులు తెచ్చేటప్పుడే రైతు షెడ్డు కొలత చూసుకుంటాడు. ఈ రోజు పురుగు ఎంతుందని చూడడు, గూడు కట్టే రోజుకు ఎంతవుతుందో చూస్తాడు.

ఇంట్లో చేపల తొట్టి పెట్టుకోవాలనుకునేవాళ్లకు నేను ఈ రోజు చెప్పదలచుకున్నదంతా ఈ లెక్కలోనే ఉంది. పురుగుల దగ్గర ఇంత జాగ్రత్తగా ఉండే మనమే అక్వేరియం షాపులోకి పోతే ఆ లెక్క మరచిపోతాము. పిల్లవాడు వేలు పెట్టి చూపించిన చేపను ప్లాస్టిక్ కవర్లో కట్టించుకుని ఇంటికి వస్తాము. అది ఎంతవరకు పెరుగుతుందని అడగము.

మన ఊళ్ల షాపులకు ఈ చేపలు ఎక్కువగా చెన్నైలోని కొళత్తూరు నుంచో, బెంగళూరు నుంచో వస్తాయి. కొళత్తూరులో రంగు చేపల పెంపకం కుటీర పరిశ్రమలాగా వీధివీధినా సాగుతుంది. అక్కడినుంచి ఆక్సిజన్ నింపిన కవర్లలో రైల్లోనో బస్సులోనో మన కొండల మీదికి ఎక్కుతాయి. అమ్మకానికి వచ్చేవి చాలావరకు పిల్లలే. గప్పీ రెండంగుళాలే, ఆస్కార్ పిల్లా రెండంగుళాలే. గప్పీ అక్కడే ఆగిపోతుంది. ఆస్కార్ అడుగు దాటుతుంది.

షాపులో వెండిరంగులో మెరుస్తూ, చురుగ్గా అటూ ఇటూ తిరిగే పిల్లను 'షార్క్' అని అమ్ముతారు. అది సొరచేప కాదు. మన రాష్ట్రంలోనే కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో కూరకోసం పెంచే పంగాసియస్. పొట్ట ఎర్రగా ఉండి 'పిరానా' అనే పేరుతో అమ్ముడుపోయేది చాలాసార్లు రూప్‌చంద్. ఆదివారం చేపల అంగడిలో కిలోల లెక్కన తూచి ఇచ్చేది ఇదే. ఏడాది తిరిగేసరికి కిలో తూగే చేపను రెండడుగుల గాజుపెట్టెలో ఎక్కడ పెడతాము?

దీనికి జవాబుగా ఒక మాట చాలామంది నోట వింటుంటాను. "చేప తొట్టికి తగ్గట్టే పెరుగుతుంది సార్, చిన్న తొట్టిలో ఉంటే చిన్నగానే ఉంటుంది" అంటారు. షాపువాళ్లూ అంటారు, చదువుకున్నవాళ్లూ అంటారు. ఇది తప్పు. ఎందుకు తప్పో పుంగనూరు వాళ్లకు నేను ఎక్కువ వివరించనక్కరలేదు. పుంగనూరు ఆవు రెండున్నర, మూడడుగుల ఎత్తులోనే ఆగిపోతుంది. అది దాని జాతి లక్షణం. చిన్న కొట్టంలో కట్టేస్తే చిన్నదైపోయిన ఆవు కాదది. ఒంగోలు దూడను తెచ్చి గొర్రెల దొడ్లో కట్టేస్తే పుంగనూరు ఆవు అవుతుందా? కాళ్లు వంగి, ఎముకలు తేలి, జబ్బుపడిన ఒంగోలు గిత్త అవుతుంది. ఇరుకు తొట్టిలో గోల్డ్‌ఫిష్ చిన్నగా ఉండిపోయిందంటే అర్థం కూడా అదే. అది విసర్జించిన మలినాలే నీళ్లలో పేరుకుని దాని పెరుగుదలను అడ్డుకున్నాయి. వెన్ను వంకరపోతుంది, పది పదిహేనేళ్లు బతకాల్సిన చేప ఏడాదికో రెండేళ్లకో పోతుంది. మనం "ఈ చేపలింతే, నిలవవు" అనుకుని ఇంకొకటి తెస్తాము.

చిన్న చోటుకు చిన్న జాతిని ఎంచుకోవాలి. పెద్ద జాతిని కుదించాలని చూడకూడదు.

ఇక తొట్టి కొలత. కాగితం, పెన్ను ఉంటే దగ్గర పెట్టుకోండి. తొట్టి పొడవు, వెడల్పు, ఎత్తు అడుగుల్లో కొలిచి మూడింటినీ గుణించండి. వచ్చినదాన్ని 28తో గుణిస్తే ఎన్ని లీటర్లు పడతాయో తెలుస్తుంది. ఒక ఘనపుటడుగుకు 28 లీటర్ల పైచిలుకు నీళ్లు పడతాయి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టి మన ఊళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది. లెక్కకు 56 లీటర్లు. అడుగున ఇసుక, పైన వదిలే ఖాళీ తీసేస్తే 45 లీటర్లు మిగులుతాయి. నీళ్లే 45 కిలోలు, గాజు, రాళ్లు కలిపితే అరవై దాటుతుంది. గోడకు కొట్టిన చెక్క మీద అది నిలవదు. నేలమీద నిలిచే గట్టి స్టాండు ఉండాలి.

గుండ్రటి గాజు గిన్నె గురించి ఒక్క మాటే చెబుతాను. మూడు నాలుగు లీటర్లు పట్టే ఆ గిన్నెలో ఏ చేపనూ పెట్టవద్దు. ఫైటర్ చేప బతుకుతుంది కదా అంటారు. ఫైటర్‌కు తలలో గాలిని నేరుగా పీల్చుకునే అవయవం ఉంది. అందుకే నీళ్లు చెడినా వెంటనే చావదు. మన కొరమీను కూడా అంతే, అంగడిలో తట్టలో పడేసినా చాలాసేపు ప్రాణంతో ఉంటుంది. తట్టలో అది సుఖంగా ఉందని ఎవరైనా అంటారా? ఫైటర్‌కు 20 లీటర్లయినా కావాలి. మగ ఫైటర్ ఒక తొట్టికి ఒక్కటే. పైన మూత ఉండాలి, ఎగిరి బయట పడుతుంది.

నీళ్లలో కంటికి కనబడకుండా జరిగే పని ఒకటుంది. నేను దాన్ని నష్టపోయి నేర్చుకున్నాను. తొట్టి పెట్టిన మొదటి ఏడాది సంక్రాంతికి ఇల్లంతా సున్నం కొట్టి, సామాన్లన్నీ కడుగుతున్నాము. ఇల్లు శుభ్రం చేసేటప్పుడు తొట్టి మాత్రం ఎందుకు అట్లా ఉండాలని చేపలను బకెట్టులోకి తీసి, నీళ్లన్నీ పారబోసి, ఇసుక కడిగి, ఫిల్టర్ స్పాంజిని కొళాయి కింద పిండి పిండి తెల్లగా చేశాను. కొత్త బోరు నీళ్లు నింపాను. తొట్టి అద్దంలా మెరిసింది. కనుమ పండగ సాయంత్రానికి పదకొండు చేపల్లో తొమ్మిది చనిపోయాయి. ఎందుకు పోయాయో ఆ రోజు మాకెవరికీ అర్థం కాలేదు. మా పాప చాలా రోజులు ఆ గదిలోకే రాలేదు.

జరిగింది ఇది. చేపల విసర్జన నుంచి, మిగిలిన మేత నుంచి నీళ్లలో అమ్మోనియా పుడుతుంది. అది చేపకు విషం. స్పాంజిలో, ఇసుకలో స్థిరపడిన ఒక రకం బ్యాక్టీరియా ఆ అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. మరో రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రేట్ చేస్తుంది. అది పెద్దగా హాని చేయదు, మొక్కలు పీల్చుకుంటాయి. కొత్త తొట్టిలో ఈ బ్యాక్టీరియా స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నేను కొళాయి కింద పిండింది మురికి అనుకున్నాను. నా చేపలను బతికిస్తున్నది అదే. పైగా మన బోరు నీళ్లకు క్షారగుణం ఎక్కువ. క్షారగుణం పెరిగే కొద్దీ అమ్మోనియా విషం తీవ్రమవుతుంది. కాబట్టి మన ప్రాంతంలో ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి.

స్పాంజిని ఎప్పుడు పిండినా తొట్టిలోంచి తీసిన పాత నీళ్లలోనే పిండండి. నీళ్లన్నీ ఒకేసారి మార్చవద్దు, వారానికి పావు వంతు చాలు. కొత్త తొట్టిలో మొదట మూడు నాలుగు గట్టి చేపలనే వేయండి. మిగతావి ఆరు వారాల తర్వాత తెచ్చుకోవచ్చు.

మన నీళ్ల గురించి మాట్లాడాలి. బోరు నీళ్లు కాస్తే గిన్నె అడుగున తెల్లటి పెచ్చు కడుతుంది. సబ్బు రుద్దితే నురగ రాదు. ఈ కఠిన జలంలో డిస్కస్ లాంటి చేపలను, నియాన్ టెట్రాలను పెంచాలని తాపత్రయపడటం వృథా. అవి అమెజాన్ అడవుల మెత్తటి నీళ్లలో పుట్టిన జాతులు. చేప మీద ప్రేమతో కొందరు క్యాను నీళ్లు, అంటే ఆర్వో నీళ్లు పోస్తారు. అది ఇంకా ప్రమాదం. ఆ నీళ్లలో ఖనిజాలు దాదాపు ఉండవు, నీటి గుణం ఉన్నట్టుండి మారిపోతుంది. మన నీళ్లకు తగిన చేపను తెచ్చుకుంటే ఈ అవస్థ లేదు. మోలీ, ప్లాటీ, స్వోర్డ్‌టెయిల్, గప్పీ, ఈ నాలుగూ కఠిన జలాన్ని కోరుకునే జాతులు. మెత్తటి నీళ్లు పోస్తే మోలీ నీరసపడిపోతుంది. మనం ఉప్పు నీళ్లని విసుక్కునే బోరే దానికి నచ్చిన ఊరు.

బోరు నీళ్లయినా ఒక రోజు బకెట్టులో నిలవ ఉంచి పోయండి. మునిసిపాలిటీ నీళ్లయితే క్లోరిన్ పోవడానికి తప్పనిసరిగా ఒక రోజు ఉంచాలి.

అడుగున వేసే రాళ్ల విషయంలో ఈ సీమవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. కుప్పం గ్రానైట్ ముక్కలు నీళ్లలో కరగవు, నీటి గుణం మార్చవు. పదునైన అంచులు లేనివి ఏరి, కడిగి వేసుకోవచ్చు. కడప బండ అట్లా కాదు. అది సున్నపురాయి జాతి, మెల్లగా కరిగి ఇప్పటికే కఠినంగా ఉన్న నీటిని ఇంకా కఠినం చేస్తుంది. అనుమానంగా ఉన్న రాయి మీద నాలుగు చుక్కల నిమ్మరసం వేసి చూడండి. నురగ పొంగితే తొట్టిలోకి పనికిరాదు.

ఇంకో సంగతి చలి. మన మూడు ఊళ్లూ సముద్ర మట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉన్నాయి. మార్గశిర, పుష్య మాసాల్లో రాత్రిళ్లు వణికిస్తాయి. చెన్నై ఉక్కలో పుట్టిన చేప ఇక్కడికి వచ్చేసరికి దాని ఒంటిమీద ఉప్పు చల్లినట్టు తెల్లటి చుక్కలు లేస్తాయి. అది ఒక సూక్ష్మజీవి తెచ్చే జబ్బు. నీటి వేడి ఒక్కసారిగా మారినప్పుడు చేప బలహీనపడి దానికి లొంగిపోతుంది. హీటరు పెట్టుకుంటే చాలావరకు రాదు. లీటరుకు ఒక వాటు లెక్క, రెండడుగుల తొట్టికి 50 వాట్లు సరిపోతుంది. నీళ్లు తీసే ముందు హీటరు ఆపి పది నిమిషాలు ఆగాలి, లేకపోతే దాని గాజు పగులుతుంది. చెయ్యి పెట్టేముందు ప్లగ్గు పీకడం మరచిపోకండి.

హీటరు వద్దనుకునేవాళ్లకు జీబ్రా చేప ఉంది. నీలం, వెండి చారలతో వేలెడంత ఉంటుంది. ఇది మన దేశపు చేప. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ గంగానది చేపల గురించి రాసిన పుస్తకంలో దీన్ని మొదట వర్ణించాడు. ఇవాళ ప్రపంచంలో ఎన్నో ప్రయోగశాలల్లో దీని మీద పరిశోధన జరుగుతోంది. 18 డిగ్రీల చల్లటి నీటిని కూడా తట్టుకుంటుంది. ఒంటరిగా ఉంచితే బెదురుతుంది, ఆరింటికి తగ్గకుండా గుంపుగా వేయాలి. పొడవుగా ఈదడానికి రెండడుగులు కావాలి.

గప్పీ గురించి అడిగేవాళ్లు ఎక్కువ. ట్రినిడాడ్ దీవిలో దీన్ని సేకరించి లండన్ పంపిన రాబర్ట్ గప్పీ పేరే ఈ చేపకు నిలిచింది. ఇది గుడ్లు పెట్టదు, పిల్లలను ఈనుతుంది. నెలకొకసారి ఇరవై, ముప్పై పిల్లలు. జతగా తెచ్చి మురిసిపోయినవాళ్లు ఆరు నెలలకు తొట్టి నిండిపోయి చేతులెత్తేస్తారు. రెండడుగుల తొట్టికి నా సలహా ఇది: ఆరు జీబ్రాలు, అయిదారు మగ గప్పీలు. మగవాటికే రంగులు, పొడవాటి తోక. అంతకు మించి వేయవద్దు. తొట్టి బోసిగా ఉందనిపిస్తే నాచు మొక్కలు పెంచండి, చేపలను పెంచకండి. టైగర్ బార్బ్‌ను గప్పీలతో కలపకూడదు, తోకలు కొరికేస్తుంది.

గోల్డ్‌ఫిష్ కావాలంటే మూడడుగుల తొట్టి పెట్టే శక్తి ఉన్నప్పుడే తెచ్చుకోండి. రెండు చేపలకు వంద లీటర్లకు తగ్గకూడదు. అది బాగా తింటుంది, బాగా మలినం చేస్తుంది. మన చలికి మాత్రం బాగా సరిపోతుంది. ఏంజెల్ చేపకు పొడవు కంటే ఎత్తు ఎక్కువ, ఒకటిన్నర అడుగుల లోతు లేకపోతే రెక్కలు మడతపడతాయి. ఆస్కార్, ఫ్లవర్‌హార్న్, అరోవానాలు మన ఇళ్లకు కావు. వెండి అరోవానా మూడడుగులు పెరుగుతుంది. దాన్ని మూడడుగుల తొట్టిలో పెడితే వెనక్కి తిరగడానికి కూడా చోటుండదు.

పెద్ద తొట్టి పెడితే మంచిదే కదా అని అడగవచ్చు. మంచిదే, నీళ్లు ఎక్కువున్నచోట వేడి, మలినం త్వరగా మారవు. కానీ మనది సీమ. నాలుగడుగుల తొట్టి పెడితే వారానికి 60 లీటర్లు మార్చాలి. మే నెలలో ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టే వీధిలో ఆ నీళ్లు ఎక్కడినుంచి తెస్తారు? తొట్టి కొనేముందు డబ్బు చూసుకుంటారు సరే, ఎండాకాలం మీ ఇంట్లో నీళ్లెన్ని ఉంటాయో కూడా చూసుకోండి. రెండడుగుల తొట్టికి వారానికి ఒక బకెట్టు చాలు. తీసిన ఆ బకెట్టు నీళ్లు కూడా వృథా కావు, మొక్కలకు ఎరువే. మా పెరట్లో కరివేపాకు, కనకాంబరాలు ఆ నీళ్లతోనే పెరుగుతున్నాయి.

రైతు కుటుంబాలకు ఒక హెచ్చరిక. టమోటా తోటలో మందు కొట్టి వచ్చిన చేతులతో, బట్టలతో తొట్టి దగ్గరికి పోవద్దు. సైపర్‌మెత్రిన్ లాంటి పురుగుమందులు చేపకు అతి తక్కువ మోతాదులోనే ప్రాణాంతకం. పట్టుపురుగుల షెడ్డులోకి పోయేముందు ఎట్లా కాళ్లూ చేతులూ కడుక్కుంటారో ఇక్కడా అట్లాగే కడుక్కోవాలి. దోమల మందుల్లోనూ ఆ జాతి రసాయనాలే ఉంటాయి. గదిలోని గాలినే ఎయిర్ పంపు తొట్టిలోకి తోస్తుంది. చేపలున్న గదిలో దోమల మందు పెట్టకండి.

మేత రెండు నిమిషాల్లో అయిపోయేంతే వేయండి. రోజుకు ఒకసారి వేసినా చాలు. చేపలు ఆకలికి చావడం నేను చూడలేదు, మేత మిగిలి నీళ్లు చెడి చావడం చాలాసార్లు చూశాను. కరెంటు చాలాసేపు పోతే చెంబుతో నీళ్లు ముంచి పైనుంచి ధారగా పోస్తూ ఉండండి, గాలి కలుస్తుంది. కొత్త చేప తెచ్చినప్పుడు కవరును ఇరవై నిమిషాలు తొట్టి నీళ్లమీద తేలనిచ్చి, తొట్టి నీళ్లు కొంచెం కొంచెంగా అందులో కలిపి, ఆ తర్వాత చేపను మాత్రమే వలతో తీసి వదలండి. కవర్లోని నీళ్లు పారబోయండి.

చివరగా సక్కర్ చేప. పాచి తింటుంది, తొట్టి శుభ్రం చేస్తుంది అని చెప్పి దాదాపు ప్రతి తొట్టికీ ఒకటి అంటగడతారు. దక్షిణ అమెరికా జాతి. వేలెడంత తెస్తే అడుగు దాటి పోతుంది. ఒళ్లంతా ముళ్ల కవచం. అప్పుడు ఏం చేయాలో తెలియక, చంపడానికి చేతులు రాక, పుణ్యమని చెరువులో వదిలేస్తారు. ఆ పుణ్యం ఎంత దూరం పోయిందో చూడండి. హైదరాబాదులోని సీసీఎంబీ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు నీటిలో కలిసే డీఎన్ఏ ఆనవాళ్లను బట్టి ఈ జాతి జాడ వెతికారు. తూర్పు కనుమల్లో పరిశీలించిన నీటి వనరుల్లో దాదాపు 60 శాతంలో ఇది చేరిపోయిందని 2023లో తేల్చారు. జాలర్ల వలలు కోసేస్తుంది, తినడానికి పనికిరాదని ఎవరూ కొనరు. గుడ్లు పెట్టడానికి గట్లలో బొరియలు తవ్వుతుంది. మట్టికట్టల చెరువుల మీద బతికే మనకు ఇది చిన్న విషయం కాదు.

ఒకప్పుడు మన చెరువులకు దూరపు నీళ్లు తెచ్చే కాలువ లేదు. ఇప్పుడు హంద్రీ-నీవా కాలువ శ్రీశైలం వెనుక జలాలను పుంగనూరు మీదుగా కుప్పం దాకా తెస్తోంది. ఆ నీళ్లకోసం తరాలుగా ఎదురుచూశాము. కాలువతో ముడిపడిన ఒక చెరువులో పడిన చేప ఆ చెరువులోనే ఉండిపోదు.

కాబట్టి శ్రోతలకు నా మనవి. మీ తొట్టిలో చేప పెద్దదైపోతే షాపుకు తిరిగి ఇవ్వండి, పెద్ద తొట్టి ఉన్నవారికి ఇవ్వండి. సక్కర్‌ను గాని, గప్పీని గాని, మరే రంగు చేపను గాని చెరువులో, కుంటలో, కాలువలో వదలకండి.